శాలువా అంచు

చీర కొనబోయినవారి చూపు ముందుగా అంచు మీద పడుతుంది. నేసిన వస్త్రానికి ఆ అంచు మగ్గం మీదనే సిద్ధిస్తుంది. పడుగు పోగులు ఈ కొన నుండి ఆ కొనకు బిగువుగా సాగి ఉంటాయి. పేక ప్రతి వరుసలోనూ చివరి పడుగు పోగును చుట్టి వెనుదిరుగుతుంది. అందువల్ల నేతబట్ట పక్క అంచులు వాటంతట అవి విడిపోవు. గద్వాల చీరలో నూలు వస్త్రానికి పట్టు అంచును జతపరచవలసి వచ్చినప్పుడు సైతం నేతగాడు రెండు పేకలను ఒకదానితో ఒకటి మెలివేసి మగ్గం మీదనే ఆ సంధిని సాధిస్తాడు. సూదులతో అల్లిన శాలువా సంగతి వేరు. దానికి పడుగూ లేదు, పేకా లేదు. ఉన్నది ఒకే దారం. ఆ దారం వరుసలు వరుసలుగా వేసుకొన్న ఉచ్చులే వస్త్రం. ఒక్క ఉచ్చు జారితే దాని కింద ఉన్నది జారుతుంది, దాని వెంట మరొకటి జారుతుంది. కనుక అల్లిక శాలువాకు సరియైన అంచు కుదరకపోతే వస్త్రమే నిలువదు.

ఈ అంచు పనిలో లోకమంతటా పేరు పొందినవి షెట్లాండ్ దీవులు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన, ఉత్తర సముద్రానికీ అట్లాంటిక్ మహాసముద్రానికీ నడుమ, 60 డిగ్రీల ఉత్తర అక్షాంశ ప్రాంతంలో ఇవి ఉన్నాయి. దీవులు నూరుకు పైబడినా జనావాసం కలవి పదహారు మాత్రమే. చెట్లు అరుదు; గాలి నిరంతరం. అక్కడి గొర్రెలు చిన్నవి, గట్టివి. పూర్వం ఆ గొర్రెల ఉన్నిని కత్తెరతో కత్తిరించేవారు కాదు. వేసవి ఆరంభంలో పాత ఉన్ని దానంతట అది వదులయ్యేటప్పుడు చేతితో మృదువుగా లాగి తీసేవారు. మెడ చుట్టూ దొరికే ఉన్ని అన్నింటికంటె సన్నం. దానిని రాట్నం మీద సాలెపోగు వలె వడికి, అతి నాజూకైన శాలువాలను అల్లేవారు. ఆరడుగుల చదరపు శాలువా పెళ్లి ఉంగరం గుండా అవలీలగా దూరిపోతుంది. అందువల్లనే దానికి ‘ఉంగరపు శాలువా’ అనే పేరు వచ్చింది. ఈ కళకు పుట్టినిల్లుగా అన్‌స్ట్ అనే దీవిని చెప్పుకొంటారు. బ్రిటన్‌లో జనావాసం ఉన్న దీవులలో ఉత్తరపు కొసన ఉన్నది అదే.

అంచు విషయం బోధపడాలంటే అల్లికలోని మూలసూత్రం కొంత తెలియాలి. ఎడమ సూది మీద ఉచ్చులు బారులు తీరి ఉంటాయి. కుడి సూది కొనను ఒక ఉచ్చులోనికి చొప్పించి, దారాన్ని దాని గుండా ఇవతలికి లాగితే కొత్త ఉచ్చు పుడుతుంది. పాత ఉచ్చు సూదిని వదలి ఆ కొత్త ఉచ్చు మెడను పట్టుకొని నిలుస్తుంది. ఇలా చివరిదాకా వెళితే ఒక వరుస. సూదులను చేతులు మార్చుకొని మళ్లీ మొదలుపెడితే మరొక వరుస. లేసు అల్లికకు ఇంకొక చిన్న ఉపాయం కావాలి. దారాన్ని సూది మీదుగా ఊరకే ఒక చుట్టు వేస్తే అక్కడ ఒక రంధ్రం ఏర్పడుతుంది, ఒక ఉచ్చు పెరుగుతుంది. పెరిగిన దానికి బదులుగా పక్కన రెండు ఉచ్చులను కలిపి ఒకటిగా అల్లితే లెక్క సరిపోతుంది. రంధ్రం ఎక్కడ, జోడింపు ఎక్కడ అన్నదే నమూనా. షెట్లాండ్ స్త్రీలు ఈ రెండింటితోనే కెరటాలనూ, పిల్లి అడుగులనూ, గుర్రపు లాడాలనూ, ఫెర్న్ ఆకులనూ శాలువాల మీద అవతరింపజేశారు. వారిలో అనేకులు కాగితం మీద రాసుకొన్నది లేదు. తల్లి చేతులను చూసి కూతురు నేర్చుకొన్నది.

చదరంగా అల్లిన శాలువా నడిమి భాగం పూర్తయినదని అనుకొందాం. దాని నాలుగు వైపులా ఉచ్చులు ఇంకా సూదుల మీదనే సజీవంగా ఉన్నాయి. వాటిని ఎలా ముగించాలి? సులువైన పద్ధతి ఒకటి ఉన్నది. ఒక ఉచ్చును పక్క ఉచ్చు మీదుగా దాటించి వదలుతూ పోతే చివరకు గొలుసు వంటి కట్టు మిగులుతుంది. చలికోటుకో చేతితొడుగుకో ఇది చాలును. లేసు శాలువాకు మాత్రం ఇది పనికిరాదు. గొలుసు సాగదు, రంధ్రాలతో నిండిన లేసు ఎంతగానో సాగుతుంది. ఉతికి సాగదీసినప్పుడు శాలువా విచ్చుకోవాలని చూస్తే బిగిసిన కట్టు దానిని వెనక్కు లాగుతుంది. అంచులు ముడుచుకొనిపోతాయి. మధ్యలో పూచిన నమూనా కొసల వద్ద ముడుతలు పడుతుంది.

దీనికి షెట్లాండ్ అల్లికలో కనిపించే పరిష్కారం ఎంతో తెలివైనది. అంచును శాలువా దిశలో కాక దానికి అడ్డంగా అల్లుతారు. శాలువా నుండి విడిగా ఆరేడు ఉచ్చులతో ఒక సన్నని పట్టీని మొదలుపెడతారు. ఆ పట్టీలోని వరుస శాలువా నుండి వెలుపలికి వెళుతుంది, తిరిగి శాలువా వద్దకు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పట్టీలోని చివరి ఉచ్చునూ, సూది మీద కాచుకొని ఉన్న శాలువా ఉచ్చు నొకదానినీ కలిపి ఒకటిగా అల్లుతారు. దానితో ఆ శాలువా ఉచ్చుకు ఇక జారే ప్రమాదం లేదు. అల్లే స్త్రీ పోవడం, రావడం, ఒక ఉచ్చును పట్టుకోవడం. మళ్లీ పోవడం, రావడం, మరొక ఉచ్చును పట్టుకోవడం. పట్టీ తన దారిన పెరుగుతూ శాలువా చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. కుట్టు సూది అవసరం లేదు, అతుకు కనిపించదు. వరుసలన్నీ అడ్డంగా ఉండడం వల్ల ఆ అంచు పొడవునా చక్కగా సాగుతుంది. శాలువా ఎంత విచ్చుకొంటే అంచు కూడా అంత విచ్చుకొంటుంది.

పట్టీ వెలుపలి వైపు మొనలు తేలడానికి కూడా అదే కూడికా తీసివేతా చాలును. ఒక ఉదాహరణ తీసుకొందాం. పట్టీ 6 ఉచ్చులతో మొదలవుతుంది. పోయి వచ్చే ప్రతి జత వరుసలకూ ఒక ఉచ్చు చొప్పున పెంచితే నాలుగు జతలకు 10 అవుతాయి. మొన శిఖరం అదే. తరువాతి నాలుగు జతలలో ఒక్కొక్కటిగా తగ్గిస్తే మళ్లీ 6 వస్తాయి. అంటే ఒక మొనకు 16 వరుసలు. రెండు వరుసలకు ఒకటి చొప్పున ఒక మొన శాలువా నుండి 8 ఉచ్చులను గ్రహిస్తుంది. శాలువా ఒక్కొక్క వైపున 96 ఉచ్చులు ఉంటే వైపుకు 12 మొనలు సరిగా పడతాయి. అదే 100 ఉచ్చులు ఉంటే పన్నెండున్నర మొనలు వస్తాయి. అర మొనతో మూల తిరగడం కుదరదు. అందుకని అనుభవం కల స్త్రీలు నడిమి భాగం మొదలుపెట్టేటప్పుడే చివర రాబోయే అంచును లెక్కలోనికి తీసుకొంటారు. బడికి పోయి లెక్కలు చదువుకొనే అవకాశం అంతగా లేని కాలంలో ఈ భాగహారం వారి వేళ్ల మీద నడిచింది.

అసలు కష్టం మూల వద్ద వస్తుంది. బాట మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపున నడిచేవాడికి దూరం తక్కువ, వెలుపలి వైపున నడిచేవాడికి ఎక్కువ. ఎడ్లబండి తిరిగేటప్పుడు వెలుపలి చక్రం ఎక్కువగా దొర్లవలసిరావడం అందరూ చూసినదే. అంచు పట్టీకి కూడా అదే స్థితి. లోపలి కొస శాలువా మూల వద్ద దాదాపు నిలిచిపోతుంది. వెలుపలి కొస మాత్రం పెద్ద వంపు తిరగాలి. ఎప్పటి వలె రెండు వరుసలకు ఒక ఉచ్చును పట్టుకొంటూ పోతే వెలుపలి కొసకు దారం చాలక, మూల లోపలికి ముడుచుకొని దొన్నె ఆకారం తాలుస్తుంది. అందువల్ల మూలకు ఇటు నాలుగు, అటు నాలుగు ఉచ్చులలో ఒక్కొక్క దానిని రెండుసార్లు పట్టుకొంటారు. ఆ ఎనిమిది ఉచ్చుల వద్ద 16 వరుసలకు బదులు 32 వరుసలు పడతాయి. ఒక మొన అదనంగా వస్తుంది. ఆ అదనపు మొన విసనకర్ర వలె విచ్చుకొని మూలను నింపుతుంది. పై ఉదాహరణలోని శాలువాకు నాలుగు వైపులా 48, మూలలలో 4, మొత్తం 52 మొనలు, 832 వరుసలు. వరుసకు సగటున ఎనిమిది ఉచ్చులనుకొన్నా అంచుకు మాత్రమే ఆరువేల అయిదువందలకు మించిన ఉచ్చులు పడతాయి. ఇది సామాన్యమైన చిన్న శాలువా లెక్క. ఉంగరపు శాలువాకు ఎన్ని రెట్లు శ్రమ పడుతుందో ఊహించవచ్చు.

అంచు పట్టీని సాధారణంగా రెండు వైపులా ఒకే విధమైన కుట్టుతో అల్లుతారు. అందువల్ల పట్టీ చుట్టుకొనిపోక చదునుగా పరచుకొంటుంది; ఏది ముఖమో ఏది వెన్నో తెలియదు. భుజాల మీద వేసుకొన్న శాలువా గాలికి తిరగబడినా చూసేవారికి లోపం కనిపించదు. గాలి విడవని ఆ దీవులలో ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పవలసి ఉన్నది. పైన వివరించినది నడిమి భాగం ముందు, అంచు చివర అనే క్రమం. షెట్లాండ్ సంప్రదాయంలో దీనికి తలకిందులైన క్రమం కూడా ఉన్నది. ముందుగా అంచు పట్టీని శాలువా చుట్టుకొలత ఎంతో అంత పొడవుగా అల్లుతారు. తరువాత దాని తిన్నని పక్క నుండి రెండు వరుసలకు ఒకటి చొప్పున ఉచ్చులను సూది మీదికి ఎత్తుకొంటారు. అక్కడి నుండి లోపలికి, మూలల వద్ద తగ్గిస్తూ, చివరకు నడిమి భాగానికి చేరుకొంటారు. ప్రహరీ కట్టిన తరువాత ఇల్లు కట్టినట్లుగా ఉంటుంది ఈ పద్ధతి. రష్యాలో దక్షిణ ఉరల్ ప్రాంతాన ఉన్న ఓరెన్‌బర్గ్ శాలువాలది మూడవ దారి. అవి మేక నూగుతో చేసినవి. అక్కడ కింది అంచు మొనలను ముందుగా అల్లి, ఉచ్చులను ఎత్తుకొని, కుడి ఎడమల అంచులను నడిమి భాగంతో పాటు అవే వరుసలలో అల్లుకొంటూ పైకి పోతారు. వేల మైళ్ల ఎడం ఉన్న రెండు ప్రాంతాల స్త్రీలు ఒకే చిక్కును వేరు వేరు విధాలుగా విప్పుకొన్నారు.

సూదుల మీద నుండి దిగిన లేసు శాలువా చూపునకు ఏమంత సొంపుగా ఉండదు. నలిగిన గుడ్డపీలిక వలె ముడుచుకొని ఉంటుంది. దానిని గోరువెచ్చని నీటిలో ఉతికి, తడిగా ఉండగానే కొయ్య చట్రం మీద సాగదీయాలి. అంచు మొనలు అలంకారానికి మించిన పని చేసేది ఇప్పుడే. ఒక్కొక్క మొన కొసలోనికి దారం దూర్చి చట్రానికి బిగిస్తారు. శాలువా నలువైపులా సమానంగా సాగుతుంది. లాగుడు ఒకచోట పోగుపడక యాభై అరవై మొనల మీద పంచుకొనబడుతుంది. ఆరిన తరువాత చట్రం నుండి విప్పితే ప్రతి రంధ్రం తెరచుకొని, ప్రతి మొన నిటారుగా నిలిచి ఉంటుంది. మళ్లీ ఉతికితే మళ్లీ చట్రం ఎక్కించవలసిందే.

ఈ పని చేసిన స్త్రీల జీవితం శాలువా అంత మృదువైనది కాదు. పురుషులు తెరపడవలు వేసుకొని నడిసముద్రానికి వేటకు పోయేవారు. 1881 జూలైలో యెల్ దీవిలోని గ్లూప్ నుండి బయలుదేరిన పడవలు తుఫానులో చిక్కుకొని, 58 మంది జాలరులు ఒక్క రాత్రిలో సముద్రం పాలయ్యారు. ఇంటిపట్టున పొలమూ పశువులూ పిల్లలూ స్త్రీల బాధ్యతే. బురదనేలలలో తవ్వి ఎండబెట్టిన పీట్ అనే ఇంధనాన్ని వీపు మీద బుట్టలో మోసుకొని వస్తూ కూడా వారు అల్లుతూనే ఉండేవారు. నడుముకు ఒక తోలు పట్టీ కట్టుకొనేవారు. దానిలో గుర్రపు వెంట్రుకలు కూరిన మెత్త ఉండేది. ఆ మెత్తకు రంధ్రాలుండేవి. ఒక సూది కొసను ఆ రంధ్రంలో గుచ్చితే ఆ సూది బరువు చేతికి ఉండదు. కాళ్లు నడుస్తుంటే వేళ్లు అల్లుతాయి. తీరిక వేళల పని అని తరువాతివారు దీనికి పేరు పెట్టారు గాని, ఆ తీరిక ఎక్కడ ఉన్నదో ఆ స్త్రీలకే తెలియాలి.

అల్లిక ఎంత మెచ్చుకోలు పొందినదో చెప్పడానికి ఆధారాలకు కొదువ లేదు. షెట్లాండ్‌లో పుట్టి పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ నౌకా సంస్థ స్థాపకులలో ఒకడైన ఆర్థర్ ఆండర్సన్ 1837లో అక్కడి నాజూకైన మేజోళ్లను విక్టోరియా రాణికి బహూకరించాడు. రాణి మెచ్చినది రాజ్యమంతా మెచ్చింది. శాలువాల గిరాకీ పెరిగింది. లండన్ సంపన్న గృహాలలో షెట్లాండ్ లేసు చోటు సంపాదించుకొన్నది.

మెచ్చుకోలు అల్లినవారి ఇంటికి డబ్బుగా చేరలేదు. శాలువాను తీసుకొన్న వర్తకుడు వెలకు బదులుగా తన దుకాణంలోని సరుకు ఇచ్చేవాడు. వెల నిర్ణయించేది అతడే. సరుకు ధర నిర్ణయించేదీ అతడే. ఇంట కావలసినది పిండి. దుకాణంలో దొరికేది తేయాకూ బట్టా. ఆ తేయాకును పొరుగువారికి ఇచ్చి పిండి తెచ్చుకొనవలసిన గతి ఆ స్త్రీలకు పట్టింది. ఈ సరుకు చెల్లింపు విధానం మీద బ్రిటిష్ ప్రభుత్వం విచారణ జరిపించింది. షెట్లాండ్‌లో విలియమ్ గత్రీ సాక్ష్యాలు సేకరించగా ఆ నివేదిక 1872లో వెలువడింది. అల్లిక స్త్రీలు ఒక్కొక్కరుగా అధికారి ఎదుట నిలిచి, తాము ఏమి అల్లినదీ, దానికి ఏమి ముట్టినదీ చెప్పారు. వారి పలుకులు ప్రశ్నోత్తరాలుగా ఆ నివేదికలో నమోదై ఉన్నాయి. నమూనాలను కాగితానికి ఎక్కించని స్త్రీల మాటలు ఆ విధంగా కాగితానికి ఎక్కాయి. 1887 నాటి చట్ట సవరణ ఇండ్లలో అల్లే సరుకుకు కూడా వెలను డబ్బుగానే చెల్లించాలని నిర్దేశించింది. దీవులలో పాత అలవాటు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం పోలేదు.

తెలుగునాట ఈ కథకు దగ్గరి చుట్టం నరసాపురం లేసు. గోదావరి పడమటి తీరాన నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో ఇది నేటికీ వేలమంది స్త్రీల జీవిక. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడకు చేరిన విద్య ఇది. పరికరం వేరు: రెండు సూదులకు బదులు కొస వంపు తిరిగిన ఒకే చిన్న కొక్కెం, ఉన్నికి బదులు నూలు దారం. సూది అల్లికలో వరుస మొత్తం సూది మీద సజీవంగా వేలాడుతుంది. కొక్కెపు అల్లికలో ఏ క్షణానైనా సజీవంగా ఉండేది సాధారణంగా ఒక్క ఉచ్చే. తక్కినవి అప్పటికే ముడిపడి ఉంటాయి. అందువల్ల అంచును ముగించే చిక్కు ఇక్కడ అంతగా లేదు. బల్లగుడ్డలకూ దిండు గలీబులకూ లేసు అంచులను ఎన్ని మొనలతోనైనా అల్లుకొంటూ పోవచ్చు.

చెల్లింపు చిక్కు మాత్రం ఇక్కడా తప్పలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ గ్రామాలలో పరిశోధన చేసి 1982లో నరసాపురం లేసు అల్లికదారుల మీద ఒక గ్రంథం ప్రకటించింది. ఎగుమతి వర్తకుని దారం మధ్యవర్తుల ద్వారా ఇండ్లకు చేరుతుంది. అల్లిన లేసు అదే దారిన తిరిగి వెళుతుంది. కూలి రోజును బట్టి కాదు, అల్లినదానిని బట్టి. ఆ స్త్రీలను అందరూ గృహిణులనే పిలిచారు. వారు చేసేది తీరిక వేళల పని అన్నారు. శ్రామికులని పిలవకపోవడం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని మీస్ నిరూపించింది. షెట్లాండ్ అధికారి సాక్ష్యాలు రాసుకొన్న నూరేళ్ల తరువాతి మాట ఇది. 2024లో నరసాపురం కొక్కెపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇతర ప్రాంతాలలో చేసిన సరుకును ఆ పేరుతో అమ్మకుండా అడ్డుకొనేందుకు ఆ గుర్తింపు చట్టబద్ధమైన ఆధారం. ఒక మొన అల్లినందుకు ఎంత ముట్టాలో అది చెప్పదు.

షెట్లాండ్‌లో ఇప్పుడు లెర్విక్ పట్టణంలోని మ్యూజియంలోనూ, అన్‌స్ట్ దీవి వారసత్వ కేంద్రంలోనూ పాత లేసు శాలువాలను చూడవచ్చు. అద్దం వెనుక పరచి ఉంచిన శాలువాలో సందర్శకుల కన్ను సహజంగా నడిమి నమూనా మీద నిలుస్తుంది. అల్లిక తెలిసినవారు ముందుగా మూలలను చూస్తారు. అక్కడ మొనలు చదునుగా విచ్చుకొన్నవా, ముడుచుకొన్నవా అన్నదానిని బట్టి అల్లిన చేతి నేర్పును తెలుసుకొంటారు.